ఆర్‌పీఆర్ రియాక్టివ్, టీపీహెచ్ఏ నెగటివ్: యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలున్న ఒక గర్భం కేస్ స్టడీ

ఈ కేసులో రోగం ఆనవాలు మొదట దొరికింది ఖరీదైన రిపోర్టులో కాదు, అరచేయంత ల్యాబ్ చీటీలో. రెండో కాన్పు మూడో నెలలో రాసిన చీటీ అది: "ఆర్‌పీఆర్ రియాక్టివ్, 1:4". ఆ పరీక్ష సిఫిలిస్ అనే సుఖవ్యాధిని వెతకడానికి చేసేది, కాబట్టి చూసినవాళ్లంతా సిఫిలిస్ అనుకున్నారు. భార్యాభర్తలిద్దరికీ వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ సూదులు వేశారు. ఆ ఇంట్లో నెలల తరబడి మాటలు లేవు. అదే నెలలో పీహెచ్‌సీలో ఏఎన్ఎం చేసిన సిఫిలిస్ కార్డు టెస్టు నెగటివ్ అని తల్లీబిడ్డల కార్డులోనే రాసి ఉంది. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. అసలు జబ్బు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్: కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుల మీద, వాటికి అంటుకునే ప్రోటీన్ల మీద శరీరమే యాంటీబాడీలు తయారుచేసి, గడ్డలు కట్టించి, గర్భాన్ని దెబ్బతీసే జబ్బు.

పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా, ఒకే తీరు కేసుల వివరాలు కలిపి ఒక్క మనిషి ఫైలుగా రాస్తున్నాం. పరీక్షలు, డోసులు, కట్ఆఫ్‌లు మాత్రం రోజూ వాడేవే.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 26, బరువు 52 కిలోలు. నర్సంపేట వైపు ఊరు, పత్తి, మిర్చి చేసే కుటుంబం. మేనరికం కాదు. మొదటి కడుపు 8 వారాలకు పోయింది. రెండోసారి 24 వారాలకు బిడ్డ కదలికలు ఆగాయి. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదు, బిడ్డ సైజు 21 వారాలకు తగ్గట్టుగా ఉంది, ఉమ్మనీరు తక్కువ. ఆ రోజు బీపీ 150/100. పుట్టిన బిడ్డలో బయటికి కనిపించే లోపమేదీ లేదు. మాయను పరీక్షకు పంపలేదు. ఇక్కడే మొదటి నష్టం జరిగింది, ఎందుకంటే 24 వారాల మృతశిశువు విషయంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పగలిగేది మాయే.

బిడ్డ పోయిన ఆరు వారాలకు వచ్చారు. అత్త అడిగిన మాట ఒకటే: "పిల్లల సంచి మంచిగనే ఉందంటున్నరు, మరి లోపల బిడ్డ ఎందుకు ఎండిపోయింది మేడమ్?" ఎండిపోయింది అన్న మాట ఈ జబ్బుకు సరిగ్గా సరిపోతుంది. బిడ్డకు తిండి అందలేదు.

పాత ఫైలులో మూడు విషయాలు విడివిడిగా పడి ఉన్నాయి. ఒకటి ఆర్‌పీఆర్ 1:4. రెండు, ప్లేట్‌లెట్లు 1.08 లక్షలు. దాన్ని గర్భంలో మామూలే అని వదిలేశారు. మూడు, ఏపీటీటీ, అంటే ట్యూబులో ప్లాస్మా గడ్డ కట్టడానికి పట్టే టైము, 47 సెకన్లు, కంట్రోల్ 30. దీన్ని చూసి "రక్తం పల్చగ ఉంది, ఆస్ప్రిన్ వద్దు" అని రెండో కాన్పులో ఆస్ప్రిన్ ఆపేశారు. అప్పుడు ఇవ్వాల్సిన మందును సరిగ్గా అదే కారణం చెప్పి ఆపారు.

ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది కాబట్టి వివరంగా చెప్పాలి. ఏపీటీటీ రీఏజెంటులో ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. గడ్డ కట్టే చర్య దాని మీదే నడుస్తుంది. రోగి ప్లాస్మాలోని యాంటీబాడీ ఆ ఫాస్ఫోలిపిడ్‌ను ఆక్రమించుకుంటే ట్యూబులో గడ్డ ఆలస్యంగా కడుతుంది. అందుకే దానికి 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్' అని పేరు పడింది. శరీరంలో మాత్రం అదే యాంటీబాడీ గడ్డలు కట్టిస్తుంది. ఆ పేరులో రెండు మాటలూ తప్పుదోవ పట్టించేవే: ఎక్కువమందికి లూపస్ ఉండదు, రక్తస్రావమూ కాదు. ఫ్యాక్టర్ లోపమా, అడ్డుపడే యాంటీబాడీయా అన్నది తేల్చడానికి చౌకైన మార్గం మిక్సింగ్ స్టడీ. రోగి ప్లాస్మా, మామూలు ప్లాస్మా సగం సగం కలిపి ఏపీటీటీ మళ్లీ చేయాలి. లోపమైతే సరిచేసుకుంటుంది. ఈమెకు కలిపాక కూడా 44 సెకన్లే వచ్చింది. అంటే అడ్డుపడేదేదో ప్లాస్మాలో ఉంది.

ఇక ఆర్‌పీఆర్. అందులో వాడే యాంటిజెన్ కార్డియోలిపిన్, లెసితిన్, కొలెస్టరాల్ కలిపిన మిశ్రమం. కార్డియోలిపిన్‌ను 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఎద్దు గుండె నుంచి వేరుచేశారు, సిఫిలిస్ పరీక్ష కోసమే. కార్డియోలిపిన్ మీద యాంటీబాడీ ఉన్నవాళ్లకు సిఫిలిస్ లేకపోయినా ఆర్‌పీఆర్ రియాక్టివ్ రావచ్చు. 1952లో కాన్లీ, హార్ట్‌మన్ రాసిన ఇద్దరు రోగుల్లో కూడా రక్తంలో ఈ అడ్డంకితో పాటు సిఫిలిస్ పరీక్ష తప్పుడు పాజిటివ్‌గా వచ్చింది. టైటర్ (ఎంత పలచన చేసినదాకా రియాక్షన్ వస్తుందో చెప్పే అంకె) 1:8 లోపు ఉండి, సిఫిలిస్ క్రిమి మీది యాంటీబాడీలనే వెతికే టీపీహెచ్ఏ గానీ కార్డు టెస్టు గానీ నెగటివ్ అయితే, భర్తను అనుమానించే ముందు ఈ యాంటీబాడీలను వెతకాలి. ఈమెకు టీపీహెచ్ఏ చేయిస్తే నెగటివ్. భర్తకు రెండూ నెగటివ్. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ కాగితాలు చూపించి, ఇది అంటురోగం కాదని, ఎవరి తప్పూ లేదని ముందు చెప్పాం. మందుల సంగతి ఆ తర్వాతే.

ట్యూబు హైదరాబాద్ చేరేలోపు

బిడ్డ పోయిన ఆరో వారంలోనే ఈ జబ్బుకు చూసే మూడు యాంటీబాడీలకూ పంపాం. యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ 68 యూనిట్లు, యాంటీ బీటా2 గ్లైకోప్రోటీన్-1 ఐజీజీ 54 యూనిట్లు. రెండూ పాజిటివ్. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ మాత్రం "కనపడలేదు" అని వచ్చింది. ఏపీటీటీ మిక్సింగ్‌లో సరికాని ప్లాస్మాలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ లేదంటే నమ్మబుద్ధి కాలేదు. ట్యూబు ఎలా వెళ్లిందో ఆరా తీస్తే విషయం తేలింది: పొద్దున తీసిన రక్తాన్ని స్పిన్ చేయకుండానే ఐస్‌బాక్సులో పెట్టి మధ్యాహ్నం బస్సులో పంపారు. సుమారు 145 కిలోమీటర్లు. అక్కడ సాయంత్రం ఒక్కసారి స్పిన్ చేసి, ఫ్రీజ్ చేసి, మర్నాడు పరీక్ష చేశారు.

ఇందులో తప్పు ఏమిటంటే, ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు మిగిలిపోయాయి. ఫ్రీజ్ చేసి కరిగించినప్పుడు అవి పగిలి వాటి పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ బయటికొస్తుంది. యాంటీబాడీ ముందే దానికి అంటుకుపోతుంది. ఇక పరీక్షలో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. రోగం ఉంటుంది, రిపోర్టు నెగటివ్ వస్తుంది. ఎలైసాతో చేసే మిగతా రెండు పరీక్షలకు ఈ గొడవ లేదు, మామూలు సీరం చాలు. అందుకే అవి పాజిటివ్‌గా నిలబడ్డాయి.

ఎనిమిదో వారంలో మళ్లీ తీసినప్పుడు ఇలా చేశాం. నీలి మూత ట్యూబు, 3.2 శాతం సోడియం సిట్రేట్, గీత దాకా 2.7 ఎంఎల్ రక్తం. గీతకు తక్కువ పడితే ఆ ట్యూబు పారేయాల్సిందే. సిట్రేట్ ఎక్కువై టైములు ఉత్తినే పెరుగుతాయి. టోర్నికెట్ బిగించి ఎక్కువసేపు ఉంచలేదు, మొదటి గుచ్చులోనే రక్తం సాఫీగా వచ్చింది. ఐస్‌లో పెట్టలేదు, గది వేడిమిలోనే ఉంచి గంటలోపు 2000 జి దగ్గర 15 నిమిషాలు స్పిన్ చేశాం. పై ప్లాస్మాను ప్లాస్టిక్ పిపెట్‌తో తీసుకుంటూ కణాల పొరకు పైన అర సెంటీమీటరు దగ్గరే ఆగాం. దాన్ని ఇంకో ప్లాస్టిక్ ట్యూబులో పోసి అదే వేగంతో మళ్లీ 15 నిమిషాలు. రెండోసారి కూడా అడుగు ప్లాస్మా వదిలేశాం. ఇలా చేస్తే ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 10 వేల లోపుకు పడిపోతాయి. అప్పుడు అర ఎంఎల్ చొప్పున చిన్న ట్యూబుల్లో నింపి, ఫ్రీజ్ చేసి, డ్రై ఐస్‌లో పంపించాం. అక్కడ కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీటిలో అయిదు నిమిషాలు. గదిలో మెల్లగా కరగనిస్తే ముద్దలు కడుతుంది. ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. హెపారిన్ మొదలుపెట్టక ముందే ఈ పరీక్ష అయిపోవాలి. తప్పనిసరైతే చివరి డోసుకు 12 గంటలు గడిచాక తీయాలి. గర్భంలో ఫ్యాక్టర్ 8 పెరుగుతుంది కాబట్టి ఏపీటీటీ పద్ధతిలో ఉన్నది కూడా దాగిపోవచ్చు. అందుకే కాన్పుల మధ్య ఖాళీలో చేయించడం మేలు.

ఈసారి డీఆర్‌వీవీటీ (పాము విషంతో గడ్డ కట్టించి లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ను వెతికే పరీక్ష) స్క్రీన్ రేషియో 1.78, కన్ఫర్మ్ రేషియో 1.15, రెంటినీ భాగిస్తే 1.55. ఆ ల్యాబు కట్ఆఫ్ 1.2. స్పష్టంగా పాజిటివ్. 21వ వారంలో ఇదే పద్ధతిలో మూడూ మళ్లీ చేస్తే మూడూ పాజిటివ్‌గానే నిలిచాయి. రెండు పరీక్షల మధ్య కనీసం 12 వారాలు ఉండాలన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. జ్వరాలు, ఇన్ఫెక్షన్ల తర్వాత ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతాయి. ఒక్క పాజిటివ్ పట్టుకుని జబ్బు పేరు పెడితే ఆ అమ్మాయి జీవితమంతా ఆ పేరు మోయాలి.

లూపస్ కోసం చూసే ఏఎన్ఏ, డీఎస్-డీఎన్ఏ, రో, లా యాంటీబాడీలు నెగటివ్. మూత్రంలో ప్రొటీన్ లేదు. గుండె ఎకోలో కవాటాలు బాగున్నాయి. ఇంతకు ముందు కాలిలో గానీ ఊపిరితిత్తిలో గానీ గడ్డ కట్టిన చరిత్ర లేదు. కాబట్టి ఇది లూపస్‌తో కలవని, గడ్డల చరిత్ర లేని, ప్రసూతి తరహా యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. 2006 సిడ్నీ నియమాల ప్రకారం 10 వారాలు దాటాక రూపం బాగున్న బిడ్డ కారణం తెలియకుండా ఒక్కసారి పోయినా చాలు. 2023లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు తెచ్చిన ఏసీఆర్-యూలార్ నియమాల్లో అలాంటి మరణానికి ఒక్క పాయింటే. క్లినికల్ వైపు మూడు రావాలి. కొందరు ఆ లెక్క చూసి "మీకు ఈ జబ్బు లేదు" అని చెబుతున్నారు. ఆ నియమాలు పరిశోధనల కోసం రోగులను ఏరడానికి పెట్టినవి. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి మందు ఇవ్వాలా వద్దా అన్నది వాటితో తేల్చకూడదు.

మాయ కణాల మీద యాంటీబాడీ చేసే పని

చాలాకాలం దీన్ని మాయ నాళాల్లో గడ్డలు కట్టే జబ్బుగానే చెప్పారు. గడ్డలు ఉంటాయి, నిజమే. కానీ కథ అంతకన్నా ముందే, మాయను కట్టే ట్రోఫోబ్లాస్ట్ కణాల దగ్గరే మొదలవుతుంది.

మామూలు కణంలో ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే ఫాస్ఫోలిపిడ్ పొర లోపలి వైపే ఉంటుంది. ట్రోఫోబ్లాస్ట్ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి సిన్‌సీషియం అనే పొరగా మారేటప్పుడు అది బయటి వైపుకు తిరుగుతుంది. రక్తంలోని బీటా2 గ్లైకోప్రోటీన్-1 వచ్చి దానికి అంటుకుంటుంది. యాంటీబాడీ పట్టుకునేది ఎక్కువగా ఈ ప్రోటీన్‌నే, అందులోనూ ముఖ్యంగా దాని మొదటి డొమైన్‌ను. పెద్దవాళ్ల రక్తనాళాల్లో ఏదో ఒక దెబ్బ తగిలితే తప్ప ఈ లక్ష్యం బయటపడదు. మాయలో అయితే గర్భం మామూలుగా ఎదుగుతుండగానే ఎప్పుడూ బయటే ఉంటుంది. గడ్డల చరిత్ర ఏమీ లేని అమ్మాయికి కూడా కాన్పుల్లోనే దెబ్బ తగలడానికి ఇదొక కారణం.

యాంటీబాడీ అంటుకున్నాక నాలుగు దారుల్లో నష్టం జరుగుతుంది. మొదటిది, కణం మీది టీఎల్ఆర్4 గ్రాహకం మేల్కొంటుంది. ఇది అసలు బ్యాక్టీరియాను పసిగట్టడానికి ఉన్నది. ఏ సూక్ష్మక్రిమీ లేకుండానే కణం ఇంటర్‌ల్యూకిన్-8, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు రసాయనాలు వదులుతుంది. రెండోది చొరబాటు. మాయ పాతుకునే వారాల్లో ట్రోఫోబ్లాస్ట్ కణాలు గర్భాశయపు పొరలోకి వెళ్లి, తల్లి స్పైరల్ ఆర్టరీల (మాయకు రక్తం తెచ్చే మెలికల ధమనుల) గోడను వదులు చేసి, సన్నని గొట్టాలను వెడల్పైన కాల్వలుగా మార్చాలి. ఈ యాంటీబాడీలు ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని తగ్గించి ఆ కదలికనే మందగింపజేస్తాయి. హెచ్‌సీజీ స్రావం కూడా తగ్గుతుంది. గొట్టం సన్నగానే ఉండిపోతే రక్తం కాల్వలో నీరులా నెమ్మదిగా పారదు, పైపులోంచి చిమ్మినట్టు వేగంగా వచ్చి మాయ చిగుళ్లకు తగులుతుంది. మూడోది, అనెక్సిన్ ఎ5 అనే ప్రోటీన్ సిన్‌సీషియం మీద ఒక కవచంలా అల్లుకుని గడ్డ కట్టకుండా చూస్తుంది. 1997లో రాండ్ బృందం చూపించినట్టు, యాంటీబాడీలు ఆ అల్లికను చెదరగొడతాయి. నాలుగోది కాంప్లిమెంట్, అంటే రక్తంలో ఒకదాన్నొకటి మేల్కొలిపే రక్షణ ప్రోటీన్ల గొలుసు. ఐజీజీ అంటుకున్న చోట కాంప్లిమెంట్ గొలుసు నడిచి, అందులో పుట్టే సి5ఎ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను పిలుచుకొస్తుంది.

ఈ నాలుగో దారి మీద 2004లో ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగం ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. హెపారిన్ పిల్లల్ని కాపాడింది. ఫాండాపారినక్స్, హిరుడిన్ రక్తాన్ని పల్చబరిచినా కాపాడలేదు. తేడా ఏమిటంటే హెపారిన్ కాంప్లిమెంట్‌ను కూడా అడ్డుకుంటుంది. హెపారిన్ పని గడ్డలను ఆపడం ఒక్కటే అయితే ఈ తేడా రాకూడదు. అదే సమయంలో, ల్యాబులో పెంచిన ట్రోఫోబ్లాస్ట్ కణాల మీద హెపారిన్ వాపును తగ్గించినా తగ్గిన కదలికను తిరిగి తేలేకపోయింది. మందు సక్రమంగా వేసినా కొందరికి బీపీ, బిడ్డ ఎదగకపోవడం ఎందుకు వస్తాయో ఇందులో సగం జవాబు ఉంది.

ఇవన్నీ కలిసి మాయ ఆక్సిజన్ చాలక ఎస్ఎఫ్ఎల్‌టీ-1ను ఎక్కువగా, పీఎల్‌జీఎఫ్‌ను తక్కువగా వదులుతుంది. రెండూ ప్రోటీన్లే; రెండోది రక్తనాళాలు ఎదగడానికి కావాల్సింది. ఎస్ఎఫ్ఎల్‌టీ-1 తల్లి రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. బీపీ, మూత్రంలో ప్రొటీన్ అక్కడి నుంచే.

మూడు యాంటీబాడీల్లో ఎక్కువ భయపెట్టేది లూపస్ యాంటీకోయాగ్యులెంటే. 2012లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో అది ఉన్నవాళ్లలో 39 శాతం మందికి 12 వారాల తర్వాత తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. అది లేకుండా మిగతా యాంటీబాడీలే ఉన్నవాళ్లలో 3 శాతానికే. బస్సులో పాడైన ఆ ట్యూబు విలువ ఇప్పుడు అర్థమవుతుంది.

మూడో గర్భం

గర్భానికి ముందే ఆస్ప్రిన్ 75 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాం. హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. కలిపాం. కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు కాబట్టి 52 కిలోలకు ఇదే సరి. దీనికి ఆధారాలు ఇంకా బలంగా లేవు. ల్యాబులో అనెక్సిన్ ఎ5 కవచాన్ని ఇది తిరిగి అల్లినట్టు కనిపించింది. మూడూ పాజిటివ్, పైగా బిడ్డ అయిదో నెల దాటాక పోయింది కాబట్టి ఇవ్వడమే మంచిదని నిర్ణయించాం. కంటి పరీక్ష ముందే చేయించాం.

ఆరు వారాలకు గర్భసంచిలోనే ఉందని స్కాన్‌లో తేలగానే ఇనాక్సాపారిన్ (ఒక రకం హెపారిన్) 40 మి.గ్రా. రోజుకొకటి, చర్మం కింద. 1997లో రాయ్ బృందం ప్రచురించిన ట్రయల్‌లో ఆస్ప్రిన్‌తోనే 42 శాతం, హెపారిన్ కూడా కలిపితే 71 శాతం మందికి బిడ్డ దక్కింది. 2002 నాటి మరో ట్రయల్‌లో అంత తేడా కనిపించలేదు. అయినా స్పష్టమైన ఈ జబ్బులో రెండూ కలిపి ఇవ్వడమే ఆనవాయితీ. గడ్డ కట్టిన చరిత్ర లేదు కాబట్టి ముందుజాగ్రత్తగా ఇచ్చే ప్రొఫైలాక్టిక్ డోసు చాలు, రక్తంలో హెపారిన్ పనిని కొలిచే యాంటీ-ఎక్స్ఏ పరీక్ష అవసరం లేదు. ప్లేట్‌లెట్లు మొదటే తక్కువ కాబట్టి 7వ, 14వ రోజుల్లో చూశాం: 1.05, 1.1 లక్షలు. 12 వారాల నుంచి ఆస్ప్రిన్ 150 మి.గ్రా., రాత్రి పడుకునే ముందు. కాల్షియం 500 మి.గ్రా. రెండు పూటలా, ఐరన్ గోళీకి రెండు గంటలు దూరంగా.

"ఈ సూదులు ఎన్ని దినాలు?" అని భర్త అడిగాడు. కాన్పు దాకా, అయినంక ఆరు వారాలు. నెలలు నిండాక కాన్పు అనుకుని లెక్క వేస్తే రమారమి 260 నుంచి 280 సూదులు. ఈ సంఖ్య మొదటిరోజే చెప్పాలి. నెల నెలా కొంచెం కొంచెం చెబితే మధ్యలో డబ్బు, ఓపిక రెండూ అయిపోతాయి.

సూది ఇంట్లోనే ఎలా వేసుకోవాలో భర్తకు చూపించాం. బొడ్డు చుట్టూ అయిదు సెంటీమీటర్లు వదిలి, పక్కలకు. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టి, సూదిని నిలువుగా పూర్తిగా దింపి, మందు మొత్తం వెళ్లి సూది బయటికి తీసేదాకా మడత వదలకూడదు. సిరంజిలోని గాలి బుడగను తీయొద్దు, అది ఉండాల్సిందే. తీశాక రుద్దొద్దు.

14 వారాలకు వచ్చినప్పుడు కడుపు మీద అరచేయంత నల్లగా కమిలిన మచ్చ. ఆమె అంది: "సూది ఏసినకాడ గట్టిగైతాందని ఏడి గుడ్డతోని కాపడం పెడుతున్న." కాపడం ఆపించి, రెండు నిమిషాలు దూదితో మెత్తగా అదిమి పట్టుకోమంటే వారంలో తగ్గింది.

18 వారాలకు ఇంకో సమస్య బయటపడింది. వాడిన సిరంజిలను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి ప్రతి విజిట్‌కు తెమ్మన్నాం. ఉండాల్సినవి 28, ఉన్నవి 19. మిర్చి కూలీలకు డబ్బులిచ్చిన వారాల్లో సూదులు కొనలేదు. అడిగితే "రోజూ ఏసుకుంటున్న" అనే అంటారు, భయంతో. సీసా అబద్ధం చెప్పదు, పైగా సూదులు చెత్తకుప్పలో పడకుండా ఉంటాయి. ఆ తర్వాత జెనరిక్ రకం రాసి, పదిరోజులవి ఒకేసారి కొనే ఏర్పాటు చేసుకున్నారు.

ఎండాకాలం వచ్చేసరికి నిల్వ ఇబ్బంది. రేకుల ఇల్లు, మే నెల, సిరంజిల డబ్బా గూట్లో. లేబుల్ మీద 25 డిగ్రీల లోపు ఉంచాలని ఉంటుంది. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టమంటే ఐస్ గడ్డ కట్టే అరలో పెట్టారు. గడ్డకట్టిన నాలుగూ పారేయాల్సి వచ్చింది. కింది కూరగాయల అర అని చేత్తో చూపించి చెప్పాకే సర్దుకుంది.

21 వారాల డాప్లర్‌లో యుటెరైన్ ఆర్టరీ (గర్భసంచి ధమని) సగటు పీఐ, అంటే రక్తప్రవాహానికి ఉన్న అడ్డంకిని చెప్పే అంకె, 1.92, రెండు వైపులా అలలో నాచ్ అనే నొక్కు. రెండూ మాయకు రక్తం సరిగా అందడం లేదనే సూచనలు. ఇక్కడ చాలామందికి హెపారిన్ డోసు రెట్టింపు చేయాలనిపిస్తుంది. చేయలేదు. స్పైరల్ ఆర్టరీలు మారాల్సిన వారాలు దాదాపు గడిచిపోయాయి, డోసు పెంచితే మేలని చూపిన ఆధారం లేదు. చేయగలిగింది దగ్గరగా చూడటమే. వారానికి రెండుసార్లు ఆశా కార్యకర్త చేత బీపీ, మూడు వారాలకోసారి స్కాన్. 28 వారాలకు 980 గ్రాములు, పదో పర్సెంటైల్ కిందికి జారింది. 32 వారాలకు 1,480. బొడ్డు ధమని పీఐ ఎక్కువైంది కానీ డయాస్టోలిక్ ప్రవాహం ఉంది.

33 వారాలకు బీపీ 146/94. 102 బండిలో తీసుకొచ్చి చేర్చుకున్నారు. లాబెటలాల్ 100 మి.గ్రా. రెండు పూటలా, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మి.గ్రా. 12 గంటలకొకటి చొప్పున నాలుగు. ఇనాక్సాపారిన్‌ను పొద్దున ఎనిమిదికి మార్చాం, ఎప్పుడు ఆపరేషన్ పడినా లెక్క తేలిగ్గా ఉండటానికి.

34 వారాల 2 రోజులకు, తెల్లవారుజామున తలనొప్పి, బీపీ 164/110, మూత్రంలో ప్రొటీన్ 3 ప్లస్, ప్లేట్‌లెట్లు 92 వేలు. ఎల్‌డీహెచ్, కాలేయం పరీక్షలు పెద్దగా పెరగలేదు, స్మియర్‌లో ముక్కలైన ఎర్ర కణాలు లేవు. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు వేగంగా పడుతుంటే హెల్ప్ సిండ్రోమ్‌తో (ఎర్ర కణాలు పగిలి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే పరిస్థితితో) పాటు, అనేక అవయవాల్లో ఒక్కసారిగా గడ్డలు కట్టే కెటస్ట్రోఫిక్ రకాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి. రెండోది కాన్పు చేసినంత మాత్రాన తగ్గదు.

లాబెటలాల్ 20 మి.గ్రా., పది నిమిషాలకు 40 మి.గ్రా. నరంలో ఇస్తే బీపీ 148/96కు దిగింది. మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలో, పిరుదులకు 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు, ఆపై నాలుగు గంటలకు 5 గ్రాములు. ప్రతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూసి, కాల్షియం గ్లూకోనేట్ ఆంపుల్ ట్రేలోనే పెట్టాం. 34 వారాలు దాటాక తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) అయితే కాన్పు చేయకుండా ఆగకూడదు. బిడ్డ గుండె రేటు పడుతూ లేస్తుండటంతో సిజేరియన్. ముందురోజు పొద్దుటి ఇనాక్సాపారిన్‌కు 22 గంటలు గడిచాయి. స్పైనల్‌కు 12 చాలు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఆడబిడ్డ, 1,760 గ్రాములు, వెంటనే ఏడ్చింది. నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఎస్ఎన్‌సీయూలో 16 రోజులు.

మాయ

ఈసారి మాయను పదిశాతం ఫార్మాలిన్‌లో పంపాం. బొడ్డుతాడు, పొరలు తీసేశాక 255 గ్రాములు, ఆ వారాలకు తక్కువ. తల్లి వైపు తెల్లటి గట్టి ఇన్‌ఫార్క్ట్‌లు (రక్తం అందక చచ్చిన భాగాలు) మూడు, పెద్దది 3.5 సెంటీమీటర్లు. సూక్ష్మదర్శినిలో విల్లైలు (మాయ చిగుళ్లు) చిన్నవిగా, వాటి మీద సిన్‌సీషియల్ నాట్లు (కణకేంద్రకాల ముద్దలు) ఎక్కువగా. డెసిడ్యువా (మాయ అంటుకునే గర్భాశయపు పొర) ధమనుల గోడల్లో ఫైబ్రినాయిడ్ నెక్రోసిస్ (గోడ చచ్చిపోవడం), కొవ్వు నిండిన నురగ మాక్రోఫేజ్‌లు. కొన్ని ధమనుల్లో కండర పొర మారకుండా అలాగే ఉంది. నాళంలో గడ్డ మాత్రం ఒక్కచోటే. పైన రాసిన చొరబాటు లోపం కంటికి కనిపించేది ఇక్కడే: కట్టిన గడ్డకన్నా మారని గొట్టమే పెద్ద నష్టం చేసింది.

ఆ తర్వాత

ఆపరేషన్ అయిన 12 గంటలకు రక్తస్రావం లేదని చూసుకుని ఇనాక్సాపారిన్ మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలు. పాలివ్వడానికి అడ్డు లేదు. బీపీ గోళీలు నాలుగో వారానికి ఆగాయి. ఆస్ప్రిన్ 75 మి.గ్రా. కొనసాగుతుంది, మూడూ పాజిటివ్ అయినవాళ్లకు గడ్డల ముప్పు కాన్పుతో పోదు. కాలు ఒకవైపే వాచినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా అదే గంటలో రావాలని రాసిచ్చాం. గర్భనిరోధానికి కాపర్-టీ. ఈస్ట్రోజెన్ ఉన్న మాలా-ఎన్ వద్దు, అంతరా సూది కూడా వద్దు. ఊళ్లో ఏఎన్ఎం అడగకుండానే ఇచ్చేవి ఇవే కాబట్టి ఆమెకు ఫోన్ చేసి చెప్పాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ కేసు చదివి, రెండుసార్లు కడుపు పోయిన ప్రతి అమ్మాయికీ హెపారిన్ మొదలుపెట్టకండి. 2023లో వచ్చిన ఎలైఫ్-2 ట్రయల్‌లో, వంశపారంపర్య గడ్డల లోపం ఉన్నవాళ్లకు హెపారిన్ ఇచ్చినా ఇవ్వకున్నా బిడ్డ దక్కినవాళ్లు 71.6, 70.9 శాతం. తేడా లేదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యు పరీక్ష అవసరమే లేదు. ఆ డబ్బుతో లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ను రెండుసార్లు, సరిగ్గా స్పిన్ చేసి పంపించవచ్చు.

ఆమె ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టిన వాక్యం: "యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ వల్ల ఆర్‌పీఆర్ తప్పుడు పాజిటివ్, టీపీహెచ్ఏ నెగటివ్, సిఫిలిస్ లేదు, ఏపీటీటీ ఎక్కువ వచ్చినా ఆస్ప్రిన్ ఆపవద్దు." దాని జిరాక్సు ఒకటి భర్త తన ఆధార్ కార్డు వెనుక మడిచి పెట్టుకున్నాడు.